మా వారి బుల్లెట్: ఉంచుదామా, అమ్ముదామా?

పోయిన నెల బీరువా సర్దుతుంటే బండి కాగితాల కవరు బయటపడింది. ఆర్సీ మీద తేదీ చూశాను. ఇంకో ఆరు వారాల్లో పదిహేనేళ్ళు నిండిపోతున్నాయి. సొంత బండికి రిజిస్ట్రేషన్ మొదట పదిహేనేళ్ళకే ఇస్తారు కదా. ఆ తర్వాత బండిని రవాణా శాఖ వాళ్ళకు చూపించి, ఫీజూ గ్రీన్ ట్యాక్సూ కట్టి, ఐదేళ్ళకోసారి పొడిగించుకోవాలి.

"ఏమండీ, బుల్లెట్ సంగతి ఏం చేద్దాం?" అన్నాను.

"చేసేదేముంది, రెన్యువల్ చేయిద్దాం" అన్నారు మా వారు, పేపర్లోంచి తల ఎత్తకుండా.

"అమ్మేస్తే?"

పేపరు కిందికి దిగింది. "అది నాన్న బండి" అన్నారు.

నిజానికి అది మామగారి బండి కాదు. మామగారు పోయిన మూడేళ్ళకు, 2011లో ఈయన కొన్న క్లాసిక్ 350. మామగారిది 1976 నాటి బుల్లెట్. దాన్ని 1990లోనే అమ్మేశారు. ఆ సంగతి మా వారికి తెలియక కాదు. అయినా ఆ మాట ఆయన నోట అంత సహజంగా వచ్చేసరికి నాకు వెంటనే బదులు చెప్పబుద్ధి కాలేదు.

నా లెక్క నాకుంది. పోయిన ఏడాది ఆ బండి తిరిగింది 310 కిలోమీటర్లు. బీమా, సర్వీసింగు, కొత్త బ్యాటరీ కలిపి అయిన ఖర్చు 9,300 రూపాయలు. అంటే పెట్రోలు కాకుండానే కిలోమీటరుకు ముప్ఫై రూపాయలు. ఈయనకు యాభై మూడు నిండాయి. నడుం నొప్పి వచ్చాక ఆ బరువైన బండిని పార్కింగులోంచి వెనక్కి తీయాలంటే వాచ్‌మన్‌ను పిలవాల్సి వస్తోంది. అపార్టుమెంటులో మాకున్నది ఒక కారు చోటూ, దాని పక్కన ఒక బండి చోటూ. ఆ బండి చోటు మీద నాకు ఒక ఆశ ఉంది. అదేమిటో తర్వాత చెబుతాను.

"నాన్న బండి" అన్న మాటకు జవాబు వెతుక్కుందామనే నేను ఈ బుల్లెట్ చరిత్ర చదవడం మొదలుపెట్టాను. వంట అయ్యాక, మధ్యాహ్నం పూట, ఓ పది రోజులు. చదివినకొద్దీ ఇది మా ఇంటి తగువే కాదు, పెద్ద కథే అనిపించింది. అందుకే మీతో పంచుకుంటున్నాను.

బుల్లెట్ మన మద్రాసు బండి అని చాలామంది అనుకుంటారు. పుట్టింది ఇంగ్లండులోని రెడ్డిచ్ అనే ఊళ్ళో. అక్కడి ఎన్‌ఫీల్డ్ సైకిల్ కంపెనీ 1901లో మొదటి మోటారు సైకిల్ చేసింది. ఆ కంపెనీ తుపాకుల ఫ్యాక్టరీకి విడిభాగాలు చేసి ఇచ్చేది. అందుకే బండి మీద ఫిరంగి బొమ్మ, తుపాకీలా గట్టిగా చేశాం అనే ప్రచారం. బుల్లెట్ అనే పేరు 1930ల మొదట్లో వచ్చింది. మన పెద్దవాళ్ళు చూసిన రూపం మాత్రం రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, 1948-49 ప్రాంతంలో తయారైనది.

అప్పుడే మనకు స్వాతంత్ర్యం వచ్చింది. సరిహద్దుల్లో గస్తీ తిరగడానికి సైన్యానికి గట్టి బళ్ళు కావలసి వచ్చాయి. 1950ల తొలి సగంలో భారత ప్రభుత్వం 350 సీసీ బుల్లెట్లు 800 కావాలని ఆర్డరు పెట్టింది. ఆ రోజుల్లో అది చిన్న ఆర్డరు కాదు. ఇంగ్లండు కంపెనీ మద్రాస్ మోటార్స్‌తో చేతులు కలిపింది. 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది. మద్రాసు ఉత్తరాన తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ పెట్టారు. మొదట్లో ఇంగ్లండు నుంచి విడిభాగాలు తెప్పించి ఇక్కడ బిగించేవారు. తర్వాత అచ్చులూ యంత్రాలూ కూడా ఇక్కడికే వచ్చాయి. 1960లు వచ్చేసరికి భాగాలన్నీ మన దగ్గరే తయారయ్యేవి.

విచిత్రం ఏమిటంటే, అక్కడ పుట్టిల్లు మూతపడింది. 1967లో రెడ్డిచ్ ఫ్యాక్టరీ మూసేశారు. 1970 నాటికి ఇంగ్లండులో ఆ కంపెనీ కథే ముగిసింది. ఇక్కడ మాత్రం అదే బండి, అదే రూపంలో, ఏళ్ళకేళ్ళు తయారవుతూనే ఉంది. 1977లో మన బుల్లెట్లు తిరిగి ఇంగ్లండుకే ఎగుమతి అయ్యాయి. వాళ్ళు పారేసుకున్న వస్తువును మనం వాడుకుంటూ ఉంటే, వాళ్ళే వచ్చి కొనుక్కున్నారు.

ఇది చదివినప్పుడు నాకు మా అమ్మమ్మ ఇంటి ఇత్తడి బిందెలు గుర్తొచ్చాయి. ఆవిడ వాటిని పాతవని ప్రేమతో ఉంచుకోలేదు. వేరేవి లేక వాడింది. బుల్లెట్ కూడా అంతే. మనం దాన్ని గొప్ప చరిత్ర అని కాపాడలేదు. ఆ రోజుల్లో ఎవరు ఏ బండి ఎన్ని చేయాలో ప్రభుత్వం లైసెన్సుతో నిర్ణయించేది. బయటి బళ్ళు రావు. పోటీ లేదు. మార్చాల్సిన అవసరం కంపెనీకి రాలేదు. ఉన్నవాటిలో రాజ్‌దూత్ ఉంది. మైసూరులో 1961 నుంచి జావా, 1973 నుంచి యెజ్డీ పేరుతో వచ్చిన బళ్ళున్నాయి. స్కూటరు కావాలంటే ఏళ్ళ తరబడి వరసలో ఉండాలి. పోలీసులకూ, సైన్యానికీ, ఊళ్ళు తిరిగే ఉద్యోగస్తులకూ బుల్లెట్.

మా మామగారు అలాంటి ఉద్యోగే. ఇరిగేషన్ శాఖలో పని. రామచంద్రపురం చుట్టుపక్కల కాలువ గట్ల మీద రాత్రీ పగలూ తిరిగేవారు. మా వారు చిన్నప్పుడు ముందు ట్యాంకు మీద కూర్చుని, హ్యాండిలు మధ్య పట్టుకుని, లాకుల దాకా వెళ్ళేవారట. ఆ ట్యాంకు ఎండకు కాలేదని, నాన్న తువ్వాలు మడతపెట్టి వేసేవారని ఇప్పటికీ చెబుతారు. ఆయనకు బుల్లెట్ అంటే ఆ తువ్వాలు.

1985లో కథ మారింది. జపాను కంపెనీలతో కలిసి మన దేశంలో చిన్న ఇంజన్ల బళ్ళు వచ్చాయి. అందులో హీరో హోండా సీడీ 100 ఒకటి. లీటరుకు ఎనభై కిలోమీటర్లు వస్తుందని పేరు. పెట్రోలు పోయించి ఇక మరిచిపొమ్మన్నదే దాని ప్రకటన. దాని ముందు బుల్లెట్ బరువు, తాగే పెట్రోలు, స్టార్టు చేయడానికి పడే పాట్లు అన్నీ లోపాలుగానే కనిపించాయి. ఆ పాత బుల్లెట్ స్టార్టు చేయడం ఒక తంతు. చిన్న లీవరు నొక్కి, కిక్కు మెల్లగా దించి, హెడ్‌లైటు దగ్గరున్న మీటరు ముల్లు మధ్యకు వచ్చేదాకా చూసి, అప్పుడు తన్నాలి. తేడా వస్తే కిక్కు ఎదురు తన్నేది. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. వేరే బండి నడిపినవాళ్ళు దీన్ని ఎక్కితే తికమక పడాల్సిందే. 1993లో మైలేజీ కోసం డీజిల్ బుల్లెట్ కూడా తెచ్చారు. అయినా గిరాకీ అంతంత మాత్రమే.

1994లో ఐషర్ సంస్థ కంపెనీని తీసుకుంది. 2000 నాటికి నెలకు రెండు వేల చిల్లర బళ్ళు అమ్ముడవుతుంటే, మూసేద్దామా, అమ్మేద్దామా అనే దాకా వచ్చింది. ఇక్కడ నేను ఆగి, మళ్ళీ చదివాను. ఉంచుదామా, అమ్ముదామా అనే ప్రశ్న మా ఇంటి కంటే ముందు ఆ కంపెనీ ఇంట్లోనే వచ్చిందన్నమాట! అప్పటికి ఇరవై ఆరేళ్ళ సిద్ధార్థ లాల్, యజమాని కొడుకు, ఒక అవకాశం ఇమ్మని అడిగి బాధ్యత తీసుకున్నారు.

ఆయన ఏం చేశారన్నదే నాకు ముఖ్యం అనిపించింది. పాతదాన్ని పాతదిగా ఉంచలేదు. గేరును అందరి బళ్ళలాగే ఎడమకాలికి మార్చారు. బటన్ స్టార్టు ఇచ్చారు. పాత పోత ఇనుము ఇంజన్ తీసేసి, లోపల అంతా కొత్తగా చేసిన ఇంజన్ పెట్టారు. పైరూపం మాత్రం వెనక్కి తీసుకెళ్ళారు. గుండ్రటి దీపం, కన్నీటి చుక్కలాంటి ట్యాంకు, స్ప్రింగుల సీటు. యుద్ధం తర్వాతి బళ్ళను గుర్తుచేసేలా 2009 నవంబరులో క్లాసిక్ 350, 500 విడుదల చేశారు. రెట్రో అంటే ఇదే. తాత రూపం, మనవడి ఒళ్ళు.

అది ఎంత పట్టుకుందంటే, నెలల తరబడి వరసలో నిలబడి కొన్నారు. 2010లో యాభై వేల పైచిలుకు బళ్ళు అమ్మిన కంపెనీ 2014లో మూడు లక్షలు దాటింది. మధ్యలో 2013లో ఒరగడంలో కొత్త ఫ్యాక్టరీ తెరిచారు. అది చూసి మిగతావాళ్ళూ పాత పేర్లు బయటికి తీశారు. మైసూరులో 1996లో ఆగిపోయిన జావా 2018లో మళ్ళీ వచ్చింది. 2022లో యెజ్డీ వచ్చింది. క్లాసిక్ కూడా 2021లో ఇంకోసారి లోపల ఇంజనూ ఛాసిస్సూ మార్చుకుని, పైన అదే ముఖంతో వచ్చింది.

కొన్నవాళ్ళు ఎవరు? ఎక్కువగా మా వారిలాంటివాళ్ళే. చిన్నప్పుడు నాన్న ట్యాంకు మీద కూర్చుని, పెద్దయ్యాక చేతిలో నాలుగు డబ్బులు పడినవాళ్ళు. అందులో తప్పేమీ లేదు. మనం మాత్రం అమ్మ కట్టిన రంగు చీర షాపులో కనిపిస్తే కొనుక్కోమా?

అంతా చదివాక నాకు ఇంకో సంగతి తట్టింది. ఈ వందేళ్ళ పైచిలుకు కథలో మనం ఎక్కడున్నాం? వెనక సీట్లో. అదీ ఒక పక్కకు తిరిగి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం అని ఒకటుంది. మోటారు సైకిలుకు వెనక కూర్చున్నవాళ్ళు పట్టుకోవడానికి కమ్మీ ఉండాలి, కాళ్ళు పెట్టుకోవడానికి చోటు ఉండాలి, వెనక చక్రంలో బట్టలు చిక్కుకోకుండా సగం చక్రమైనా కప్పే రక్షణ ఉండాలి అంటుంది. మనం శారీ గార్డు అంటామే, అదే. బండి చరిత్ర పుస్తకాల్లో ఇంజన్ గురించి ఎన్ని పేజీలైనా ఉంటాయి. మన చీర కొంగుకు దొరికింది ఆ ఒక్క నియమం. మా వారి క్లాసిక్‌కు వెనక సీటు విడిగా ఉంటుంది. కావాలంటే విప్పి తీసేయొచ్చు. అలా తీస్తేనే అందం అని ఫోటోలు దిగే కుర్రాళ్ళు బోలెడుమంది. 2021లో ఊరూ వాడా మోగిన 'బుల్లెట్టు బండి' పాటకు పెళ్ళికూతుళ్ళు ఎంత సంబరంగా ఆడారో మీకు గుర్తుండే ఉంటుంది. మోహన భోగరాజు గొంతులో ఆ హుషారు నాకూ ఇష్టమే. అందులోనూ బండి అబ్బాయిదే.

మన బళ్ళకు వేరే చరిత్ర ఉంది. 1972లో లూనా వచ్చింది. 1980లో ఇద్దరు కూర్చునే టీవీఎస్ 50 వచ్చింది. 1984లో కైనెటిక్ హోండా, గేరు లేదు, బటను నొక్కితే స్టార్టు. తర్వాత స్కూటీ. 2001లో యాక్టివా. ఎంతమంది టీచర్లు, నర్సులు, బ్యాంకు ఉద్యోగినులు వీటి మీద వెళ్ళి ఇల్లు నిలబెట్టారో మనకు తెలుసు. వీటిని రాచబళ్ళు అని ఎవరూ పాట కట్టలేదు. ఈమధ్యే లూనా 2024లోనూ, కైనెటిక్ 2025లోనూ కరెంటు బళ్ళుగా తిరిగొచ్చాయి. వాటి మీద తిరిగిన ఆడపిల్లల చేతిలో ఇప్పుడు డబ్బు ఉంది కాబట్టే అనుకుంటాను. ఎవరి జ్ఞాపకానికి కొనే శక్తి ఉంటే వాళ్ళ బండే రెట్రో అవుతుంది.

ఈలోగా మా అమ్మాయి బెంగళూరు నుంచి ఫోన్ చేసి, "అమ్మా, అమ్మొద్దు, ఎప్పటికైనా వింటేజ్ అవుతుంది" అంది. అదీ చూశాను. 2021లో కేంద్రం తెచ్చిన నియమాల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ అయి యాభై ఏళ్ళు దాటి, అసలు రూపం మారకుండా ఉంటేనే వింటేజ్. దానికి ప్రత్యేకమైన నంబరు ఇస్తారు. రోజువారీ తిరగడానికి కుదరదు, ప్రదర్శనలకూ ర్యాలీలకూ అలాంటివాటికే. మామగారి 1976 బండి ఉండి ఉంటే ఈ ఏటితో యాభై నిండేవి. మా క్లాసిక్ 2061లో వింటేజ్ అవుతుంది. అప్పటికి మా వారికి ఎనభై తొమ్మిదేళ్ళు. ఆ మాట చెబితే అమ్మాయి నవ్వేసింది. ఆయన కూడా నవ్వారు.

కానీ నవ్వుతో తేలే విషయం కాదది. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయనే మొదలుపెట్టారు. "అక్క పెళ్ళి కోసం నాన్న ఆ బండి అమ్మేశారు. ఎంత బాధపడి ఉంటారో. నేను ఇంకో బుల్లెట్ కొని ఆ బాకీ తీర్చాననుకున్నాను. ఇప్పుడు నేనూ అమ్మేస్తే ఎలా?"

అత్తయ్య మజ్జిగ కలుపుకుంటూ విని, "ఎవరు చెప్పార్రా నీకు?" అన్నారు.

ఆవిడకు డెబ్భై ఆరు. అనవసరంగా మాట్లాడరు. ఆ రోజు చెప్పారు. పెళ్ళి ఖర్చు ఉన్నమాట నిజమే కానీ, అంతకు రెండేళ్ళ ముందు నుంచే మామగారు ఆ బండి మార్చాలని చూస్తున్నారట. పెట్రోలు ఖర్చుకు జీతం చాలడం లేదని. బుల్లెట్ అమ్మిన డబ్బులో కొంత పెళ్ళికి ఉంచి, మిగతాది పెట్టి నాలుగు రోజుల్లోనే హీరో హోండా తెచ్చుకున్నారట. "బాధా లేదు ఏమీ లేదు. హాయిగా ఉందే, ముందే కొనుక్కోవలసింది అన్నారు."

మా వారు కంచం వంక చూస్తూ ఉండిపోయారు.

"మరి మీకు, అత్తయ్యా?" అన్నాను.

"నాకా? ఆ బండి ఎత్తు. చంటిదాన్ని ఒళ్ళో పెట్టుకుని, సంచీ పట్టుకుని, అరుగు ఎక్కి దాని మీదకు జరిగేదాన్ని. దిగేటప్పుడు ప్రాణం మీదకు వచ్చేది. పోయిందంటే దిగులు లేదు. కాకపోతే దాని చప్పుడు ఒక్కటే బాగుండేది. లాకుల దగ్గర ఉండగానే వినిపించేది. అప్పుడు అన్నం పొయ్యి మీద పడేస్తే, ఆయన కాళ్ళు కడుక్కునేసరికి ఉడికేది. హీరో హోండా వచ్చాక ఎప్పుడు వచ్చారో తెలిసేది కాదు. చల్లన్నమే."

అందరం నవ్వాం. కాసేపయ్యాక మా వారు బాల్కనీలోకి వెళ్ళి నిలబడ్డారు. నేను వెళ్ళలేదు. కొన్ని లెక్కలు ఎవరివి వాళ్ళే సరిచూసుకోవాలి.

మర్నాడు నేను చదివింది ఆయనకు చెప్పాను, వాదించడానికి కాదు. ఆ కంపెనీ నిలబడింది ఏది ఉంచాలో, ఏది వదలాలో విడగొట్టుకున్నందుకే. ఎదురు తన్నే కిక్కు వదిలేసింది. రూపం ఉంచుకుంది. మామగారూ అదే చేశారు. బండి వదిలేసి, కొడుకును కొత్త బండి ముందు కూర్చోబెట్టుకున్నారు. మీకు కావలసింది ఆ తువ్వాలు కదా, అది ఈ ఇనుములో లేదు అన్నాను. వారానికోసారైనా నడిపేటట్టయితే ఉంచుకోండి, నేను మాట్లాడను. నిలబెట్టిన బండికి బ్యాటరీ దిగిపోతుంది, టైర్లు గట్టిపడతాయి, చూసినప్పుడల్లా మీ మనసూ చివుక్కుమంటుంది. అప్పుడది జ్ఞాపకం కాదు, అపరాధం.

ఆయన రెండు రోజులు ఏమీ అనలేదు. మూడో రోజు, "ముందు ఆర్సీ పొడిగిద్దాం. అది లేకుండా ఎవరి పేరుకూ మారదు" అన్నారు. నాకు అర్థమైంది.

మీలో ఎవరికైనా పనికొస్తుందని చెబుతున్నాను. అమ్మాలన్నా ఉంచాలన్నా మొదటి పని అదే, ఫారం 25తో రిజిస్ట్రేషన్ పొడిగింపు. అమ్మేటప్పుడు ఫారం 29, 30. లోను మీద కొన్న బండయితే, లోను తీరినా ఆర్సీ మీద బ్యాంకు పేరు అలాగే ఉండిపోతుంది. దాన్ని ఫారం 35తో తీయించుకోవాలి. డబ్బు చేతికి రాగానే తాళాలిచ్చి మరిచిపోకండి. కొన్నవాళ్ళ పేరుకు మారిందాకా కాగితం మీద యజమాని మీరే. బండి ఎక్కడైనా గుద్దితే నోటీసు మీ ఇంటికే వస్తుంది.

మా వీధిలోనే ఉండే ఒక కుర్రాడు 72 వేలకు తీసుకున్నాడు. వాళ్ళ నాన్నను వెనక కూర్చోబెట్టుకుని వెళ్ళాడు. మా వారు గేటు దాకా వెళ్ళి, చప్పుడు మలుపు తిరిగి వినిపించకుండా పోయేదాకా నిలబడి వచ్చారు. కాఫీ ఇచ్చాను. "మంచి ఇంటికే వెళ్ళింది" అన్నారు. ఆడపిల్లను పంపినట్టు ఆ మాటేమిటని అనబోయి ఊరుకున్నాను.

ఇక నా ఆశ సంగతి. పెళ్ళయి ఇరవై ఎనిమిదేళ్ళు దాటింది. బజారుకైనా, అత్తయ్యను డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాలన్నా, ఎవరో ఒకరు ఖాళీ అయ్యేదాకా ఎదురుచూశాను. ఆ 72 వేలకు నా చీటీ డబ్బులు కలిపి స్కూటరు కొన్నాం. ఆర్సీ నా పేరు మీద. నలభై తొమ్మిదేళ్ళకు ఎల్లెల్లార్ తీసుకుని, పొద్దున్నే ఖాళీ గ్రౌండులో నేర్చుకున్నాను. రెండుసార్లు పడ్డాను. మోకాలు గీరుకుపోయింది. లైసెన్సు వచ్చింది.

మొన్న ఆదివారం మొదటిసారి మా వారిని వెనక ఎక్కించుకుని రైతు బజారుకు వెళ్ళాను. ఆయనకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఓసారి నా భుజం, ఓసారి సంచీ పట్టుకుని, బ్రేకు వేసినప్పుడల్లా "మెల్లగా, మెల్లగా" అంటున్నారు.

"వెనక కమ్మీ ఉంటుంది, అది పట్టుకోండి" అన్నాను. "మా కోసం పెట్టిందే."